పేరున్నవీ, పేరు లేనివీ

మార్చి 3, మధ్యాహ్నం

కుట్టుమిషన్ బల్ల మీద చెంచా, దువ్వెన, దారం చుట్టే బాబిన్ పెట్టి, బాబిన్ ఇవ్వమన్నాను. ఆ మాట పాప ఎప్పుడూ వినలేదు. రెండున్నరేళ్ళది. చెంచాను చూసింది, దువ్వెనను చూసింది. రెండింటికీ పేర్లున్నాయాయె. పేరు తెలియని మూడోదాన్ని తీసి నా చేతిలో పెట్టింది. అమ్మ దొంగా, ఎవరు నేర్పారే నీకు! కిటికీలోంచి పడే ఎండలో దూది పోగులు తేలుతున్నాయి. మిషన్ తొక్కడం మరిచిపోయి అలాగే కూర్చున్నాను.

మార్చి 5

నా పెళ్ళయి నాలుగు నెలలు. పాప నన్ను ఇంతవరకూ ఏమనీ పిలవలేదు. ఏదైనా కావాలంటే వేలు పట్టుకుని లాగుతుంది.

మార్చి 6

వదిన ఫోన్ చేసింది. పిల్ల నాకింకా మాలిమి కాలేదట. ఇరవయ్యో తారీకున వచ్చి తీసుకెళ్ళి తనే పెంచుకుంటుందట. ఆయన తన అక్కకి ఎదురు చెప్పలేరు. చెబితే విని పేపరు తిరగేశారు. తర్వాత "ఇదిగో, కాఫీ" అన్నారు. నా పేరు ఆయన నోట రాదు. ఎప్పుడూ 'ఇదిగో' అనే.

మార్చి 9

గోడ మీద దండ వేసిన ఫోటో చూపించి ఎవరని అడిగాను. "అమ్మ" అంది పాప. నా గుండె మీద చెయ్యేసుకుని, దాని చేత నన్నూ అదే మాట అనిపించబోయాను. తల అడ్డంగా ఊపింది. ఆ మాటకి మనిషి ఉంది కదా. బాబిన్ లెక్కే. తప్పు దానిది కాదు. అయినా ఏడుపొచ్చింది.

మార్చి 14

పాపను పక్కన వేసుకుని మధ్యాహ్నం కునుకు తీశాను. కలలో ఇంట్లో ప్రతి వస్తువుకీ పేరు రాసిన చీటీ ఉంది. తలుపుకీ, కత్తెరకీ, ఎండకి కూడా. అద్దంలో చూసుకుంటే నా నుదుటి మీద చీటీ ఖాళీ.

మార్చి 17

ఆయన పిలిచారు, నేను తిరిగాను. పాప ఆయన్ని చూసింది, నన్ను చూసింది. బాబిన్ రోజు చూసినట్టే.

మార్చి 20

వదిన వచ్చింది. నేను కుట్టిన మూడు గౌన్లూ నేనే మడిచి సంచిలో పెట్టాను. ఆవిడ పాపను చంకనెత్తుకుని గుమ్మం దాటింది. ఆవిడ భుజం మీంచి పాప రెండు చేతులూ చాచింది.

"ఇదిగో! ఇదిగో!"

ఆయనకి ముందు అర్థమైంది. తల దించుకున్నారు. ఎవర్నే పిలుస్తున్నావు అని వదిన అడిగింది. పాప నా వైపు వేలు చూపించింది.

"మా ఇదిగో."

వదిన సంచి కింద పెట్టింది.

మార్చి 21

ఇవాళ ఆయన నన్ను పేరు పెట్టి పిలిచారు. పాప ఒప్పుకోలేదు.