రెండు వేళ్ళ చప్పుడు

ప్రియమైన అత్తయ్యా,

ఈ పిలుపు రాయడానికే అరగంట పట్టింది. ముందు "మేడమ్‌గారికి" అని రాసి కొట్టేశాను. తర్వాత "ఆంటీ" అని రాసి అదీ కొట్టేశాను. ఆంటీ అని చూస్తే మీరు ఉత్తరం చించి పారేస్తారని నాకు తెలుసు. రెండేళ్ళ క్రితం కాగితాల మీద నాకూ మీ అబ్బాయికీ తెగిపోయిందిగానీ, మిమ్మల్ని ఇంకోలా పిలవడం నాకు ఎవరూ నేర్పలేదు.

ఫోన్ చేస్తే మీరు ఎత్తరు. ఎత్తినా నాకు నోరు పెగలదు. అందుకే ఉత్తరం.

పోయిన శుక్రవారం మా క్లినిక్‌లో అందరం కలిసి బయట భోజనానికి వెళ్ళాం. కొత్తగా చేరిన డాక్టరమ్మకి చైనావాళ్ళ ఆవిరి కుడుములు, డిమ్ సమ్ అంటే ప్రాణం. ఆవిడే అందరినీ లాక్కెళ్ళింది. వెదురు బుట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి తెచ్చి పెట్టారు. నేను అలవాటు ప్రకారం కెటిల్ అందుకుని అందరికీ టీ పోస్తున్నాను. డాక్టరమ్మ కప్పులో పోయగానే ఆవిడ రెండు వేళ్ళతో బల్ల మీద టకటకా తట్టింది. నాకు చెవులు వేడెక్కిపోయాయి. "ఏంటండీ, నేనేమైనా సర్వర్నా?" అనేశాను.

ఆవిడ నోట్లో ఉన్న రొయ్యల కుడుము గబగబా మింగి, "అయ్యో, అది థ్యాంక్స్ అండీ! డిమ్ సమ్ దగ్గర టీ పోసినవాళ్ళకి అలాగే చెబుతారు. నోటినిండా తిండి ఉంటుంది కదా" అంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. నాకొక్కదానికే తెలియదు.

అత్తయ్యా, మూడేళ్ళు మనిద్దరం ప్రతి ఆదివారం డిమ్ సమ్‌కి వెళ్ళాం. మీ అబ్బాయి పదకొండింటిదాకా నిద్రపోయేవారు, మనం ఆయన్ని వదిలేసి పోయేవాళ్ళం. నేను టీ పోయడం, మీరు రెండు వేళ్ళతో తట్టడం. మీరేమో లెక్కల టీచరు. ముప్పై ఏళ్ళు బల్ల మీద కొట్టి పిల్లల నోళ్ళు మూయించిన చెయ్యి అది. "ఊఁ, పొయ్యి, త్వరగా" అని నాకు హుకుం జారీ చేస్తున్నారనుకున్నాను. మొదట్లో నవ్వుకున్నాను, తర్వాత ఒళ్ళు మండింది, ఆఖరికి లాయరుకి చెప్పాను. ఆయన దాన్ని "నలుగురిలో బల్ల మీద కొట్టి కోడలి చేత సేవలు చేయించుకునేవారు" అని పిటిషన్‌లో ఎక్కించాడు. కౌన్సిలర్ గదిలో అది పైకి చదివినప్పుడు మీరు తలెత్తలేదు. నేను గెలిచాననుకున్నాను.

నా ఉద్యోగమేమో చెవులు పరీక్షించడం. శబ్దం వినిపించగానే వేలెత్తమంటాను. రోజంతా మనుషుల వేళ్ళు చూసి అర్థం చేసుకోవడమే నా పని. అలాంటిదానికి మీ వేళ్ళు అర్థం కాలేదు. ఈ మాట తలుచుకుంటే నాకు అన్నం సహించడం లేదు.

నన్ను క్షమించండి. ఒక్క ఆదివారం వస్తారా? అదే చోటు, అదే బల్ల. ఒక్కసారి మీకు టీ పోయాలని ఉంది.

మీ
తొందరమ్మ

*

ప్రియమైన తొందరమ్మకి,

అత్తయ్య దీవెనలు. నేను పెట్టిన తొందరమ్మ పేరు నువ్వింకా మరిచిపోలేదన్నమాట. ఆంటీ అని రాయనందుకు బతికిపోయావు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అక్షరాలు ఇంకా కోడి గెలికినట్టే ఉన్నాయి. చెవుల పరీక్షకి వచ్చినవాళ్ళు నువ్వు రాసింది చదవగలుగుతున్నారా?

నువ్వు తెలుసుకున్నది నిజమే. మొదటిసారి నువ్వు అక్కడికి లాక్కెళ్ళినప్పుడు నేనెంత గొణిగానో గుర్తుందా? జ్వరమొస్తే ఇంట్లో తాగే గంజి కోసం జనం వరసలో నిలబడ్డారేమిటే అన్నాను. ముల్లంగి బిళ్ళల్ని వేలితో పొడిచి చూశాను. తర్వాత ఆ గంజికి నేనే బానిసనయ్యాను. మూడో వారమో నాలుగో వారమో నువ్వు చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు, కుడుముల బండి తోసుకొచ్చే ఆ పెద్దాయన నా కప్పులో టీ పోసి, పక్క బల్లవాళ్ళని చూపించి, "అమ్మా, ఇక్కడ ఇలా తడితే థ్యాంక్స్ చెప్పినట్టు" అన్నాడు. నాకు భలే నచ్చింది.

ఎందుకు నచ్చిందో చెప్పనా? మన ఇళ్ళల్లో ఎవరికి ఎవరు ధన్యవాదాలు చెప్పుకుంటారే? ఆ మాట సభల్లో మైకు పట్టుకున్నవాడిది. ఇంట్లో అంటే వెటకారంలా ఉంటుంది. నా అత్తగారు నాకు చెప్పలేదు, మీ మామయ్య బతికున్నన్నాళ్ళూ చెప్పలేదు. కోడలికి ఎలా చెప్పాలో నాకూ తెలియదు. ఉన్న ఒక్క సెలవు రోజు, ఆ ఆదివారం కూడా ఈ ముసలిదాన్ని వెంటేసుకుని తిప్పుతున్నావు కదా అని నాకు లోపల ఉండేది. నోటితో చెప్పలేనిది వేళ్ళతో చెప్పడం తేలికైంది. నువ్వే తీసుకెళ్ళిన చోటు కాబట్టి నీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాను.

సరే, అయిందేదో అయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? నువ్వు బాధపడకు. వేళకి తిను. మా వాడు బాగానే ఉన్నాడు, వేరే ఊరికి బదిలీ అయింది. నాకు మోకాలు తప్ప అన్నీ సవ్యంగానే ఉన్నాయి.

ఆదివారం మాత్రం వద్దు. కారణం అడక్కు.

నీ మేలు కోరే
అత్తయ్య

*

అత్తయ్యా,

మీరు కారణం అడగొద్దన్నారు కాబట్టి నేను అడగకుండా ఉంటానని మీరు అనుకుని ఉండరు. మోకాలు అనుకున్నాను. నా మీద కోపం ఇంకా ఉందేమో అనుకున్నాను. ఎందుకైనా మంచిదని ఆదివారం నేనే వెళ్ళి కిటికీ పక్క మన బల్ల దగ్గర కూర్చున్నాను. మీ మనసు మారి వస్తారేమోనని రెండు కప్పులు పెట్టించాను. పుట్టగొడుగుల కుడుములు చెప్పాను, చల్లారిపోయాయి.

బండి పెద్దాయన నన్ను గుర్తుపట్టాడు. "టీచరమ్మగారు ఏరీ?" అన్నాడు. రారు అన్నాను. ఆయన బండి పక్కకి ఆపి, "మీ ఇద్దరికీ రాజీ కుదరలేదా అమ్మా? ఆవిడ మీకు చెప్పలేదా?" అన్నాడు.

ఏం చెప్పాలి అని అడిగాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "మీరు ఆవిడ తట్టగానే మొహం ముడుచుకునేవారు. కెటిల్ ఠపీమని పెట్టేవారు. నేనే ఒకరోజు ఆవిడతో చెప్పాను, అమ్మా, మీ కోడలు తప్పుగా అనుకుంటోంది, ఒక్కమాట చెప్పండి అని. చెబుతాలే అన్నారు. మళ్ళీ ఓసారి గుర్తుచేస్తే, కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా అన్నారు. ఇంక నేనేమంటాను?"

ఆ తర్వాత ఎన్నాళ్ళు వచ్చామని అడిగాను. ఆరు నెలలు వచ్చారమ్మా అన్నాడు.

అత్తయ్యా, ఆయన పొరబడ్డాడని రాయండి. పెద్దవాడు, రోజుకి వంద బల్లలు చూస్తాడు, ఎవరినో చూసి మనం అనుకున్నాడని రాయండి. నేను నమ్ముతాను.

తొందరమ్మ

*

ప్రియమైన తొందరమ్మకి,

ఆయన పొరబడలేదు.

నీ ఉత్తరం వచ్చి పదిరోజులైంది. రోజూ కాగితం తీయడం, మళ్ళీ పెట్టేయడం. నువ్వు నన్ను క్షమాపణ అడిగినప్పుడే చెప్పాల్సింది. అది పోయి, ధన్యవాదాల మీద నీకు ఉపన్యాసం ఇచ్చాను. అందులో అబద్ధం లేదు, కానీ సగం చెప్పడం అబద్ధం కన్నా పాపం.

ఆయన చెప్పిన రోజు నిజంగానే నీకు చెబుదామనుకున్నాను. నువ్వు పోశావు, నేను తట్టాను, నీ మొహం చూశాను. అప్పుడే మొదటిసారి చూశాను. నా వేళ్ళు కదిలితే నువ్వు కదులుతున్నావు. నవ్వుతావో తిట్టుకుంటావో నాకనవసరం, నేను తట్టానని నువ్వు పట్టించుకుంటున్నావు. రిటైరయ్యాక నా మాటకి తలెత్తి చూసినవాళ్ళు లేరు. మా వాడు ఫోన్‌లోంచి మొహం బయట పెట్టడు. ముప్పై ఏళ్ళు నేను బల్ల కొడితే నలభై మంది పిల్లలు నిశ్శబ్దమైపోయేవారు. నువ్వు ఒక్కదానివే మిగిలావు. సిగ్గుగా ఉంది రాయడానికి, కానీ అది నాకు బాగుంది. ఈ వారం చెప్పొద్దులే, వచ్చేవారం చెబుదాం అనుకుంటూ ఆరు నెలలు గడిపాను.

ఇక ఆ ఆఖరి ఆదివారం. కుడుముల బుట్ట మూత తీస్తూ, "అత్తయ్యా, మేం వేరే ఇల్లు చూసుకున్నాం" అన్నావు. ఆ మాట మా వాడు చెప్పాల్సింది, నీ నోట చెప్పించాడు. నువ్వేం తప్పు చేయలేదు. మాట అయ్యాక, నీకేదో అపరాధం చేసినట్టనిపించింది కాబోలు, నా కప్పు నిండుగానే ఉన్నా కెటిల్ అందుకున్నావు. నేను తట్టాను. మూడుసార్లు తట్టాను, పక్క బల్లవాళ్ళు తిరిగి చూసేలా.

తొందరమ్మా, ఆ రోజు నేను కొట్టింది థ్యాంక్స్ కాదు. నువ్వు అనుకున్నదే.

కౌన్సిలర్ గదిలో నీ పిటిషన్ చదివినప్పుడు నేను తలెత్తలేదన్నావు. అవమానంతో తలొంచానని నువ్వు అనుకున్నావు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. కౌన్సిలరమ్మ నావైపు తిరిగి, "దీనికి మీరేమైనా చెబుతారా?" అని అడిగింది. ఒక్క మాట చాలు. అది థ్యాంక్స్ అమ్మా అంటే నువ్వు ముందు తెల్లబోయి, తర్వాత పకపకా నవ్వేదానివి. నీ నవ్వు నాకు తెలుసు, ఆపుకోలేవు. నువ్వు నవ్వితే మా వాడూ నవ్వేవాడు. ఆ గది నుంచి మనం ముగ్గురం ఎలా బయటికి వచ్చేవాళ్ళమో నాకు తెలియదు. మీ పెళ్ళి నిలిచేదని అనను, నా రెండు వేళ్ళకి అంత బలం లేదు. కానీ నువ్వూ నేనూ మిగిలేవాళ్ళం. "ఏమీ లేదండీ" అన్నాను. కోడలికి సంజాయిషీ చెప్పుకోవడమా అన్న పొగరు. ఆ పొగరు పట్టుకుని రెండేళ్ళ నుంచి ఆదివారాలు ఒక్కదాన్నీ ఇంట్లో గంజి కాచుకు తాగుతున్నాను. మెతుకు దిగదు.

అందుకే ఆదివారం వద్దన్నాను. నువ్వు ఎదురుగా కూర్చుని, అన్నీ నీ తప్పే అనుకుంటూ, నాకు టీ పోస్తే, నా చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలి? బల్ల మీద పెట్టలేను. ఒళ్ళో దాచుకోలేను.

నువ్వు నన్ను క్షమించమని ఇంకెప్పుడూ అడగకు. అడగాల్సింది నేను. అది వేళ్ళతో అయ్యే పని కాదు, నోటితో నాకు అలవాటు లేదు. రాసి చూశాను, నాలుగు కాగితాలు చింపేశాను.

ఇది ఐదోది. నన్ను క్షమించు తల్లీ.

నీ
అత్తయ్య