తడి తగిలిన ప్యాకెట్

సెప్టెంబర్ 26, శుక్రవారం

కుప్పం నుంచి ఒకావిడ వచ్చింది. పేరు మాలతి. ముందు ఇరమ్ నడిపే పార్లర్‌లో ఐబ్రోస్ చేయించుకుంది. ఆ తర్వాత వెనక నా గదిలోకి తొంగి చూసి టాటూ వేసేది మీరేనా అని అడిగింది. నేనే అన్నాను. లోపలికి వచ్చి తలుపు గడియ వేసింది.

రెండేళ్ల కిందట వేలూరులో ఆపరేషన్ అయిందంట. కేన్సర్. ఎడమ రొమ్ము తీసేసి వీపు కండతో మళ్ళీ కట్టారు. తర్వాత రేడియేషన్. కట్టింది బాగానే కట్టినారు మేడమ్, మొన ఒక్కటే లేదు, అద్దంలో సూస్తే కండ్లు లేని ముఖం మాదిరి ఉండాది అంది. అక్కడ రంగుతో గీస్తే నిజమైనదానిలాగే కనబడుతుందని ఆ డాక్టరే చెప్పాడంట. ఇప్పుడు వేయించుకోవచ్చు అని కూడా అన్నాడంట.

బెంగళూరులో నేర్చుకునేటప్పుడు ఈ పని చేశాను. మదనపల్లెలో ఎవరూ అడగలేదు. ఇక్కడ అడిగేది అమ్మ పేరు, సింహం, లవర్ పేరు. కొన్నాళ్లకు ఆ లవర్ పేరు మీద ఇంకో సింహం.

సూది చూపించమంది. కీమో తర్వాత సూది అంటే భయం పట్టుకుందంట. ఒక కార్ట్రిడ్జ్ విప్పి చేతిలో పెట్టాను. పెన్నుకు రీఫిల్ ఎట్లాగో మెషీన్‌కు ఇది అట్లా అని చెప్పాను. మెషీన్‌లో సూది ఉండదు. ఒక చిన్న కడ్డీ వెనక నుంచి తోస్తుంది, అంతే. సూదులన్నీ ఈ ప్లాస్టిక్ గొట్టంలోనే ఉంటాయి, ఒక పుల్ల చివర వరసగా అతికించి. కడ్డీ తోస్తే బయటికి వస్తాయి. వెనక్కి లాగేది మెషీన్ కాదు, లోపలున్న రబ్బరు పొర. మీ రక్తం గానీ ఇంకు గానీ మెషీన్‌లోకి ఎక్కకుండా ఆపేది కూడా ఆ పొరే. ఒకరికి వాడితే ఇక పారేయడమే. మీ ప్యాకెట్ మీ కళ్ళ ముందే చింపుతాను అన్నాను.

ఆమె వెనక నొక్కింది. సూదులు బయటికొచ్చాయి. వదిలింది. లోపలికి పోయాయి. చాలాసేపు అదే పని చేస్తూ కూర్చుంది. పోయేటప్పుడు ఏడో తారీఖు వస్తానంది.

కర్వ్‌డ్ మాగ్నమ్ కావాలి. అందులో సూదులు కొంచెం వంపుగా నిలబడతాయి, అంచులు చర్మాన్ని కోయవు. రేడియేషన్ తిన్న చర్మం ఉల్లిపొర. ఆమె ఒక్కదాని కోసమే ఒక బాక్స్ ఆర్డర్ పెట్టాను.

అక్టోబర్ 1, బుధవారం

ఆయుధ పూజ. నేను బయట ఉన్నాను. పుంగనూరు ఇంట్లో మంచం మీద నేను, మదనపల్లెలో నా షాపులో పూజ చేస్తూ మా అమ్మ రత్నమ్మ. నా మెషీన్‌కు పూజ చేయడానికి నేను పనికిరాను. ఏమన్నా అంటే సంప్రదాయం అంటుంది. అనలేదు, కడుపు నొప్పికి ఓపిక లేదు.

మాలతి కోసం తెప్పించిన సూదుల బాక్స్ నిన్ననే షాపుకు వచ్చింది. ఏమీ ముట్టుకోవద్దని వందసార్లు చెప్పి పంపాను. నీ సంగతి నాకు తెలీదా తల్లీ అని బస్సెక్కింది. మధ్యాహ్నం ఇరమ్ ఒక ఫొటో పంపింది. అమ్మ, ఇరమ్ వాళ్ళ హెయిర్ డ్రయర్‌కు కూడా బొట్టు పెట్టేసింది. ఇరమ్ పక్కనే నిలబడి పండ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది.

అక్టోబర్ 7, మంగళవారం

ఇంత మంచి పని నేను ఇదివరకు చేయలేదు.

మాలతి భర్త మురళీధర్‌తో కలిసి వచ్చింది. స్కూలు వ్యాను నడుపుతాడు, నెమ్మదస్తుడు. ఆయన బయట ఇరమ్ దగ్గర కూర్చున్నాడు. నేను టేబుల్ తుడిచి, మెషీన్‌కు కవర్ తొడిగి, కొత్త బాక్స్‌లోంచి ప్యాకెట్ తీసి ఆమె ముందే చింపాను. ఒకవైపు ప్లాస్టిక్, ఒకవైపు కాగితం. కాగితం మీద చుక్క రంగు మారి ఉంది, అంటే ఫ్యాక్టరీలో క్రిములు చావడానికి గ్యాస్ పట్టించారని లెక్క. తేదీ చూశాను. అన్నీ చూశాను.

నాలుగు రంగులు కలిపాను. కుడివైపు చూసుకుంటూ ఎడమవైపు గీశాను. చెయ్యి బరువు పెట్టలేదు, చర్మం మీద తేలుతున్నట్టే నడిపాను. సూది లోపలికి పోయేది గోరు మందం కూడా ఉండదు. నీడ వేసే కొద్దీ, చదునుగా ఉన్న చోట మొన లేచి నిలబడినట్టు కనబడింది. ఆమెకు అక్కడ స్పర్శ తక్కువ. నొప్పి తెలియడం లేదు మేడమ్, తెలిసుంటే బాగుండు అంది.

అద్దం ఇచ్చాను. చూసుకుని భర్తను పిలవమంది. ఆయన వచ్చి చూసి తల దించుకుని మళ్ళీ బయటికి వెళ్ళిపోయాడు. కళ్ళు తుడుచుకోవడానికని ఇరమ్ తర్వాత చెప్పింది.

పైన పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించాను. పీకొద్దు, నీళ్ళు వద్దు, పసుపు వద్దు, వేపాకు వద్దు, ఎవరేం చెప్పినా వినొద్దు అన్నాను. సంతోషంగా ఉంది. చాలా సంతోషంగా ఉంది.

అక్టోబర్ 9

ఫొటో పంపింది. చుట్టూ కొంచెం ఎరుపు. మామూలే అన్నాను.

అక్టోబర్ 10, శుక్రవారం

మామూలు కాదు. ఎరుపు పక్కలకు పాకింది. ముట్టుకుంటే కాలుతోందంట. ఏమన్నా రాశావా అని అడిగాను. రెండో రోజు ఫిల్మ్ ఒక మూల లేచిందనీ, అత్త చెప్తే రవంత పసుపు అద్దినాననీ చెప్పింది. ఫోన్లోనే అరిచాను. పసుపు వద్దని తెలుగులోనే కదా చెప్పాను అని అరిచాను. తప్పయిపోయింది మేడమ్ అంది.

అరవకుండా ఉండాల్సింది. వెంటనే డాక్టర్ దగ్గరికి పొమ్మన్నాను.

అక్టోబర్ 11

జ్వరం. కుప్పంలో ఆసుపత్రిలో చేర్చారు.

అక్టోబర్ 12, ఆదివారం

చీము పట్టిందంట. చీము టెస్టుకు పంపారు, సెలైన్‌లో మందులు ఎక్కిస్తున్నారు. లోపలికి దిగితే కట్టిన రొమ్ము విప్పాల్సి వస్తుందని డాక్టర్ అన్నాడని మురళీధర్ చెప్పాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

డాక్టరూ పసుపే అంటున్నాడంట. పసుపే అయ్యుంటుంది. పసుపే. అయినా షాపుకు వెళ్ళాను. ఆ రోజు వాడిన కార్ట్రిడ్జ్ సూదుల చెత్త డబ్బాలోనే ఉంది, తీసుకెళ్ళేవాడు ఇంకా రాలేదు. రెండు గ్లౌజులు వేసుకుని బ్లేడుతో చీల్చాను. రబ్బరు పొర చక్కగా ఉంది, చిరగలేదు. మెషీన్ నోరు విప్పి దూది పెట్టి చూశాను. ఇంకు ఎక్కలేదు. దూది తెల్లగా వచ్చింది. ఇంకు సీసాలు ఆ రోజే సీలు తీసినవి. నా వైపు తప్పేమీ లేదని ప్రాణం కుదుటపడింది.

అక్టోబర్ 13, సోమవారం

తప్పు ఉంది.

బాక్స్‌లో మిగిలిన ప్యాకెట్లు ట్యూబ్‌లైట్ కింద ఒక్కొక్కటే పెట్టి చూశాను. కాగితం ఉబ్బి ఆరినట్టు ముడతలు. ఒకదాని అంచున లేత గులాబీ మరక. వాసన చూశాను. గంధం.

పుంగనూరు చేరేసరికి అమ్మ వేరుశనక్కాయలు వలుస్తోంది. ప్యాకెట్లు ముట్టుకున్నావా అని అడిగాను. నేనేం ముట్టుకోలా అంది. మరక చూపించాను. కాయలు వలవడం ఆపింది. అప్పుడు చెప్పింది. మెషీన్‌కు పెట్టి సూదులకు పెట్టకపోతే ఎట్లా అనుకుందంట. బాక్స్ విప్పి, ప్యాకెట్లన్నీ పళ్ళెంలో పేర్చి, ఒక్కోదానికి గంధం, కుంకుమ పెట్టి హారతి ఇచ్చింది. ఆ తర్వాత, బొట్లు సూస్తే నువ్వు అరస్తావు కదమ్మా, అందుకనే తడిగుడ్డతో శుభ్రంగా తుడిసి ఫ్యాను కింద ఆరబెట్టి ఎట్లుండేటివి అట్లే సర్దినా అంది.

ఆ కాగితం ఊపిరి తీసుకునే కాగితం. గ్యాస్ దాంట్లోంచే లోపలికి పోయి బయటికి వస్తుంది. పొడిగా ఉన్నంతసేపు క్రిమి దూరదు. తడిస్తే దానికీ మామూలు కాగితానికీ తేడా లేదు. తుడిచిన గుడ్డ ఏది అని అడిగాను. బేసిన్ కాడ ఉండేది అంది. చెయ్యి తుడుచుకునే గుడ్డ. రంగు మారిన చుక్క ఫ్యాక్టరీలో జరిగింది చెబుతుంది. మా అమ్మ చేసింది చెప్పదు.

అరవలేదు. అరుస్తానని భయపడే కదా తుడిచింది. అరిచి అరిచి తల్లిని దొంగను చేశాను. అది తలుచుకుంటే ఎక్కువ మండుతోంది.

అక్టోబర్ 14

మిగిలిన ప్యాకెట్లన్నీ కత్తిరించి పారేశాను. ఆ బాక్స్ ఇంకెవరికీ వాడలేదు. అంతవరకు అదృష్టం.

అక్టోబర్ 15, బుధవారం

మాలతి తనే ఫోన్ చేసింది. గొంతు బాగా నీరసం. ఫలానా మందు పని చేస్తుందని రిపోర్ట్ వచ్చింది, మార్చారంట. అది చెప్పి, నన్ను క్షమించండి మేడమ్ అంది. మీరు అంత బాగా ఏస్తే నేనే పాడు చేసుకున్నా అంది.

అక్కడితో ఆగలేదు. కేన్సర్ వచ్చినప్పుడు చుట్టాలు, బిడ్డకు పాలు సరిగ్గా ఇయ్యలేదు, అందుకే వచ్చింది అన్నారంట. అందరి కంటే ఆఖర్న తినేదానివి, చల్లారిన కూడు తిన్నందుకు వచ్చింది అన్నారంట. చెప్పుకోకుండా గడ్డను దాచిపెట్టావు అన్నారంట. అన్నీ నేనే చేసుకున్నా మేడమ్, ఇది కూడా నేనే చేసుకున్నా అంది.

రెస్ట్ తీసుకో అని పెట్టేశాను. ఇప్పుడు చెప్తే ఆమెకు ఒరిగేదేముంది, మందు ఎలాగూ దొరికింది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎంత చక్కగా చెప్పుకున్నాను!

అక్టోబర్ 16, గురువారం

ఇరమ్‌కు చెప్పాను. తలుపు వేసి, చుప్ రహ్ తేజూ, గమ్మునుండు అంది. డాక్టరే పసుపు అంటాండాడు, ఆమే పసుపు అంటాండాది, నడిమధ్య నీకు యాల ఈ గొడవ అంది. ఈ ఊర్లో ఒక్క మాట బయట పడితే టాటూ రూమే కాదు, నా పార్లర్‌కు కూడా ఆడోళ్ళు రారు, నా ఇద్దరు పిల్లోళ్ళు యాడికి పోవాల అంది. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. నిజంగా పసుపే అయ్యుండొచ్చు కూడా. రెండింట్లో ఏదో ఎవరూ తేల్చలేరు.

తేల్చలేరు కాబట్టి మొత్తం ఆమె నెత్తిన పెట్టేసి నేను హాయిగా ఉండొచ్చు. అదే నాకు మింగుడు పడటం లేదు.

అక్టోబర్ 20

దీపావళి. అమ్మ దీపాలు పెట్టలేదు. ఎందుకని నేను అడగలేదు.

అక్టోబర్ 23, గురువారం

పలమనేరులో బస్సు మారి కుప్పం వెళ్ళాను. దారి పొడవునా ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూనే ఉన్నాను. దిగేసరికి అంతా మర్చిపోయాను.

మాలతిని ఇంటికి పంపేశారు. రొమ్ము దక్కింది. నేను గీసిన దాంట్లో సగం పైగా ఊడిపోయి మచ్చ పడింది. ఆమె అత్త కృష్ణమ్మ కాఫీ ఇచ్చి, సూడమ్మా, చెప్పిన మాట ఇనకుండా పసుపు పూసుకుని ఎంత పని చేసుకునిందో అంది. పూయమన్నది ఆవిడే. మాలతి తల ఊపింది. ఆ తల ఊపడం చూశాక ఇక ఆగలేకపోయాను.

చెప్పేశాను. పూజ, గంధం, తడిగుడ్డ, కాగితం, అన్నీ. పసుపు వల్ల కూడా అయ్యుండొచ్చు, కానీ నేను చింపిన ప్యాకెట్ అప్పటికే పాడైంది, అది నేను కనిపెట్టలేదు, కనిపెట్టాక కూడా పది రోజులు నోరు మూసుకున్నాను అన్నాను.

తిడుతుందనుకున్నాను. ఆమె కృష్ణమ్మ వైపు తిరిగి, ఇన్నావా అత్తా, ఇది నేను చేసింది కాదంట అంది. మళ్ళీ అంది. వంటింట్లో ఉన్న మురళీధర్‌ను పిలిచి ఆయనకూ చెప్పింది. నవ్వుతోంది. నవ్వుతూనే ఏడుపు వచ్చేసింది. ఒక చేత్తో మచ్చ పడిన చోటు అదుముకుని, ఇన్నేండ్లలో ఒక్కటన్నా నాది కాదు, ఒక్కటన్నా నాది కాదు అంటూనే ఉంది.

ఏడుపు ఆగాక నన్ను చూసింది. అప్పుడు వచ్చింది కోపం. లేచి పో అంది. మేడమ్ అనలేదు. పది దినాలు నన్ను అట్లే ఏడవనిచ్చినావే, నా ఒంటి మీద ఇంకెప్పుడూ నీ చెయ్యి పడకూడదు అంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. భయంగానే ఉంది. కానీ తల ఎత్తుకునే కూర్చున్నాను.

నవంబర్ 4, మంగళవారం

మాలతి మెసేజ్. ఆ పొద్దు చెప్పింది మళ్ళా ఒకసారి వాయిస్‌లో పెట్టమంది. చుట్టాలు ఇంకా పసుపే అంటున్నారంట. అడిగిన వాళ్ళందరికీ వినిపిస్తుందంట.

ఇరమ్‌కు ముందే చెప్పాను. తిట్టింది, తర్వాత నీ ఇష్టం అంది.

వాకిట్లో కూర్చుని రికార్డ్ చేశాను. నా పేరు, షాపు పేరు, జరిగింది. అమ్మ మాట ఎత్తలేదు. తడిసిన ప్యాకెట్ వాడాను అన్నాను, అంతే. అమ్మ వెనకే నిలబడి ఉంది. రికార్డింగ్ ఆపేలోపు వచ్చి ఫోన్ లాక్కుని నోటి దగ్గర పెట్టుకుంది. తడిగుడ్డ పెట్టింది నేను తల్లీ, నువ్వు కాదు అంది.