అద్దం గోడ

12-3-84, సోమవారం
జిన్నింగ్ మిల్లు ఓనరు పున్నారావు గారు కబురంపారు. వాళ్ళ ఇల్లు కట్టి యాభై ఏళ్ళట. వచ్చే నెల ఫంక్షను, సావనీరు వేస్తారట. ఇంటి చరిత్ర నన్ను రాయమన్నారు. టీచరమ్మవి, నీ తెలుగు బాగుంటుందన్నారు. కాఫీ వాళ్ళకి స్టీలు గ్లాసుల్లో, నాకు విడిగా గాజు గ్లాసులో. చూశాను. అయినా తాగాను. తాగినందుకు ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

13-3-84
అమ్మకి చెప్పాను. మిరపకాయల తొడిమలు తీస్తున్న చేయి ఆగిపోయింది. ఆ హాలు గోడలు రుద్దింది తనూ పుల్లమ్మత్తా అట. గానుగ సున్నం మెత్తి, తడి మీదే గులకరాళ్ళతో రుద్దీ రుద్దీ అద్దంలా చేశారట. మన కొంపలో అద్దమేడుందే, నా మొగం నేను తిన్నగా చూసుకుంది ఆ గోడలోనే, అంది. గృహప్రవేశం నాడు అంటరానివాళ్ళు తిరిగిన ఇల్లని పసుపునీళ్ళు చల్లి శుద్ధి చేశారు. మళ్ళీ గుమ్మం తొక్కనివ్వలేదు. తర్వాత వాళ్ళ మిల్లులోనే పత్తి ఏరుతూ అమ్మ ముసలిదైంది.

ఒక్కసారి ఆ గోడ చూడాలనుందే, అంది. అమ్మ నన్ను ఏదైనా అడగడం ఇదే మొదలు.

26-3-84
రాసిచ్చాను. అమ్మ పేరూ అత్త పేరూ పెట్టి, కొండమ్మ, పుల్లమ్మ గోడలు రుద్దారని రెండే వాక్యాలు. పున్నారావు గారు ఎర్ర పెన్నుతో కొట్టేశారు. శుభమా అని పండగ చేసుకుంటుంటే ఇవన్నీ ఎందుకమ్మా అన్నారు. సరే తీసేయండి, మా అమ్మని ఒకసారి హాల్లోకి రానివ్వండి అన్నాను. దానికేం, తీసుకురా అన్నారు. బేరం కుదిరింది. థూ.

15-4-84, మట్టల ఆదివారం
అమ్మని చర్చి నుంచి నేరుగా ఫంక్షనుకి తీసుకెళ్ళాను. ముందు గుమ్మంలోంచే. ఎవరూ ఆపలేదు.

నాలుగు గోడలకీ లేతాకుపచ్చ ఆయిల్ పెయింటు. ఫోటోలు బాగా పడాలని మొన్ననే వేయించారట. అమ్మ గోడ మీద చేయి పెట్టి నిలబడిపోయింది. ఇదేనా ఆ ఇల్లు, నిజం చెప్పవే, అంది. ఫోటోగ్రాఫరు పక్కకి జరగమన్నాడు. మాకు భోజనాలు మిల్లు షెడ్డులో. నేను తినలేదు. సావనీరులో బర్మా టేకు గురించి ఒక పేజీ ఉంది.

17-4-84
అమ్మ అటు తిరిగి కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది.

24-6-84
నాలుగు రోజులుగా వాన. ఆ పెయింటు వేసిన సైదా దారిలో కనిపించాడు. నున్నటి గోడ కదా, పెయింటు నిలవక పొరలు పొరలుగా ఊడిపోతోందట. కింద గోడ తళతళలాడతా అట్టానే ఉంది టీచరమ్మా, అన్నాడు. మళ్ళీ వేస్తావా అంటే, లేదు, ఓనరు గారు మొత్తం చెక్కించి సిమెంటు చేయిస్తన్నారు అన్నాడు.

ఇంటికొచ్చి చెప్తే, ఎప్పుడంట, అని మాత్రం అడిగింది అమ్మ. ఎల్లుండి అన్నాను.

25-6-84, సాయంత్రం
అమ్మ ఒక్కతే ఆ గోడ దగ్గరికి వెళ్ళొచ్చింది. ముందు గుమ్మంలోంచే, ఎవర్నీ అడక్కుండా.

ముసలిదాన్నైపోయానే, అంది.