తలుపులు ఆరేదాకా

ఏన్కూరు,
8-7-1985

ప్రియమైన నిర్మలకు నాయనమ్మ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. ఎప్పటిలాగే మీ నాన్నకు చదివి వినిపించాను. ఊరివాళ్ల పిల్లలకు ముప్పై ఏళ్లు అక్షరాలు దిద్దించిన నేను, సొంత కొడుకు చేత రెండో తరగతి దాటించలేకపోయాను. అందుకని ఈ ఇంటికి వచ్చే ఉత్తరాలకు కళ్లూ నేనే, ఇక్కణ్ణుంచి వెళ్లేవాటికి చేయీ నేనే.

నువ్వు లంబాడీ పిల్లవాణ్ణి రిజిస్టరు పెళ్లి చేసుకుని కొత్తగూడెం వెళ్లి నాలుగేళ్లయింది. ఇక్కడివాళ్లు ఒక్కరూ నీ గడప తొక్కలేదు. నాన్న ఒక్కసారి వచ్చి మా ఇంట అన్నం తింటే చాలు, ఇంకేమీ అడగను అని రాశావు. మీ నాన్న సంగతి తెలుసుగా, అవుననడు, కాదనడు.

పోయిన నెల మన బస్సు కండక్టరు బొజ్జయ్య మీ క్వార్టర్‌లో మంచినీళ్లు తాగి వచ్చాడు. "వంటింట్ల గోడ బీరువా తలుపులు జూస్తే బొగ్గుబాయిలకు దిగినట్టే ఉన్నదమ్మా" అని మీ నాన్న ముందే అన్నాడు. అలాంటి వంటింట్లో ఆయన పీట వేసుకుని ఎట్లా కూర్చుంటాడు చెప్పు?

ముందు ఆ తలుపుల పని చూడు. కొత్తవి చేయించే స్తోమత మీకు లేదని తెలుసు, అక్కర్లేదు కూడా. బందులు విప్పి తలుపులు కిందికి దించు. వేడినీళ్లలో చాకలి సోడా కలిపి కొబ్బరిపీచుతో రుద్దు. చెక్క గీత ఎటు పోతే అటే రుద్దాలి. నువ్వు అన్ని పనులూ అడ్డంగా చేస్తావు కాబట్టి విడిగా చెబుతున్నాను. ఎండాక గరుకు కాగితం పట్టించు. అయ్యాక రాయి. నాన్నతో మాట్లాడతాను.

ఇట్లు,
నీ మేలు కోరే
పద్మావతమ్మ


కొత్తగూడెం,
2-8-1985

ప్రియమైన నాయనమ్మకు నిర్మల నమస్కారాలు.

తలుపులు దించాం. మొదటి బకెట్టు నీళ్లు డికాక్షన్‌లా దిగాయి, ఆరో బకెట్టుకు గానీ చెక్క కనపడలేదు. మాకంటే ముందు ఈ క్వార్టర్‌లో ఉన్న రెండు కుటుంబాల పొగా మేమే కడిగాం. ఇక్కడ బొగ్గుపొయ్యిని వాకిట్లో రాజేసి, పొగ పోయాకే లోపలికి తెచ్చుకుంటారు. వానొస్తే ఆ ఓపిక ఎవరికుంటుంది? ఆ పొగంతా తలుపులే తాగాయి.

మా అత్తమ్మ రూప్లి ములకలపల్లి దగ్గరి తండా నుంచి వచ్చి నాలుగు రోజులుంది. చూసి, "ఏందే పిల్లా, తలుపులకు తానం బోస్తున్నవా?" అని నవ్వింది. తర్వాత నా చేతిలో పీచు లాక్కుని తనే కూర్చుంది. లోపల ఉన్నది టేకు, నాయనమ్మా! మా ఆయన హరి డ్యూటీ నుంచి వచ్చి దాన్ని చేత్తో తడిమి చూసుకుంటున్నాడు.

బొజ్జయ్య చేత సున్నుండలు పంపుతున్నాను. నాన్న ఆయాసం తగ్గిందా? ఇక ఈ తలుపులు చాలుగా? వచ్చే ఆదివారం రమ్మను.

ప్రేమతో,
నీ మనవరాలు నిర్మల


ఏన్కూరు,
16-8-1985

చిరంజీవి నిర్మలకు,

చాలవు. వట్టి చెక్కను వదిలేస్తే రెండు పోపులకు మళ్లీ మొదటికొస్తుంది. సుద్దపొడిలో అవిసె నూనె పోసి లప్పం ముద్ద చేసి, పగుళ్లలో నింపు. అది గట్టిపడ్డాక ఒకసారి రుద్ది, అప్పుడు రంగు వెయ్యి. ముసురు పట్టింది కనుక తొందరపడకు. సగం ఆరిన రంగు సగం చదువులాంటిది, ముట్టుకున్నవాళ్లందరికీ అంటుతుంది.

సున్నుండలన్నీ మీ నాన్నే తిన్నాడు. నాకు పళ్లు లేవు కదా.

మీ అత్త నాలుగు రోజులున్నదని రాశావు. వంట కూడా ఆవిడే చేస్తుందా? ఊరికే అడిగాను.

నాన్నను ఖమ్మం దవాఖానాకు తీసుకువెళ్లాం. గుండె బలహీనంగా ఉందట, మాత్రలిచ్చారు. పొలం పని మానమన్నారు. ఆయన మానలేదు. కంగారుపడకు.

ఇట్లు,
నాయనమ్మ


కొత్తగూడెం,
20-9-1985

ప్రియమైన నాయనమ్మా,

కంగారుపడకు అని రాస్తే కంగారు తగ్గుతుందా?

లప్పం పెట్టాం. హరి స్నేహితుడు పెయింటరు, ఎక్కడో పని అయ్యాక డబ్బా అడుగున మిగిలిన లేతాకుపచ్చ ఇచ్చాడు. మొదటి పూత వేశాం. ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. ఆరు రోజులు ఆరలేదు. రెండు ఈగలూ, హరి బొటనవేలి ముద్రా తలుపు మీద శాశ్వతంగా ఉండిపోయాయి. మళ్లీ రుద్దుతున్నాం.

నిన్న హరికి విసుగొచ్చింది. "మీ నాయిన అన్నం దింటడా, తలుపులు దింటడా? ముందు గా సంగతి అడుగు" అన్నాడు. నేను ఏడిస్తే మళ్లీ తనే గరుకు కాగితం తీసుకున్నాడు. అత్తమ్మ ఇంకో మాట అన్నది. "పెద్దాయన వచ్చిననాడు నేను తండాకు పోత తియ్. నేను ఎదురుంగ ఉంటే ఆయనకు ముద్ద దిగుతదో లేదో" అని. నాన్న అట్లాంటివాడు కాదని చెబుదామనుకున్నాను. కానీ నాలుగేళ్లు రాని మనిషి గురించి ఏమని చెప్పను?

తలుపులు లేకుండానే వస్తాడేమో అడుగు, నాయనమ్మా. లేదంటే నేనే వచ్చి అడుగుతాను.

నీ
నిర్మల


ఏన్కూరు,
4-10-1985

నిర్మలకు,

నువ్వు ఇప్పుడు రావద్దు. మెత్తబడుతున్న మనిషి ముందుకొచ్చి నిలబడితే మళ్లీ బిగుసుకుంటాడు. మీ నాన్నను కన్నది నేను, ఆ మాత్రం తెలుసు.

రెండో పూత వేసి, పదిరోజులు ఆగి, నున్నగా రుద్ది మూడోది వెయ్యి. మూడో పూత లేని తలుపు చూడ్డానికి బీదగా ఉంటుంది. కూతురి ఇంట బీదతనం చూడ్డానికేనా ఆయన అంత దూరం వచ్చేది? దీపావళి వెళ్లనీ. ఆయన బాగానే ఉన్నాడు.

ఇట్లు,
నాయనమ్మ


కొత్తగూడెం,
14-11-1985

ప్రియమైన నాయనమ్మా,

మూడో పూత ఆరింది. గోరుతో గీకి చూశాను, రాలేదు. బందులకు నూనె రాసి తలుపులు ఎక్కించాం. తెరిచినా మూసినా చప్పుడు లేదు. వంటింట్లోకి వెలుతురు వచ్చినట్టుంది. పక్క క్వార్టర్ వాళ్లు కొత్తవనుకున్నారు.

ఇరవై నాలుగో తారీఖు ఆదివారం. హరికి సెలవు. పొద్దున్నే బస్సుకు వచ్చి నిన్నూ నాన్ననూ తీసుకువస్తాడు. ఇద్దరికీ పీటలు వేస్తాను. ఇంక ఏ వంకా లేదు కదా?

నీ
నిర్మల


ఏన్కూరు,
20-12-1985

ప్రియమైన నిర్మలా,

ఈ ఉత్తరం రాయడానికి నెల పట్టింది.

టెలిగ్రాం అందగానే నువ్వూ హరిలాలూ వచ్చారు. పన్నెండు రోజులున్నారు. హరిలాల్ వాకిట్లోనే పడుకున్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. బస్సెక్కేముందు నువ్వు, "నాన్న ఒక్కసారైనా వస్తానన్నాడా, నాయనమ్మా?" అని అడిగావు. "ఏడవకు" అన్నాను. అడిగినదానికి అది జవాబు కాదని నా దగ్గర చదివిన ఒకటో తరగతి పిల్ల కూడా చెబుతుంది.

జవాబు ఇప్పుడు రాస్తున్నాను. అన్నాడు. జూలైలో నీ ఉత్తరం చదివిన రోజే, "అవ్, పోదామమ్మా, రేపే పోదాం" అన్నాడు. లేచి చొక్కా కూడా వెతుక్కున్నాడు. బొజ్జయ్య మాట విని ఆయన నవ్వాడు, అంతే. ఆ తలుపులు అడ్డమన్నది నేను. నీకేమో నాన్న అట్లాంటి వంటింట్లో కూర్చోడని రాశాను. ఆయనకేమో, పిల్ల ఇల్లు బాగుచేసుకుంటున్నది, అయ్యేదాకా రావద్దంటున్నది అని చెప్పాను. ఆ తర్వాతి నీ ఉత్తరాల్లో రమ్మన్న వాక్యాలు దాటేసి చదివాను. ఆయన నమ్మాడు. రెండో తరగతితో ఆగినవాడు కదా, కాగితం మీద ఉన్నదే నేను చదువుతానని ఆయన నమ్మకం. ప్రతి ఉత్తరానికీ, "ఇంకెన్ని పూతలమ్మా?" అని అడిగేవాడు. ఒక్కటేరా అనేదాన్ని.

పెళ్లప్పుడు ఆయనకూ కోపమే. ఏడాదిలో కరిగిపోయింది, నువ్వు పిలుస్తావని చూస్తుండేవాడు. నాది కరగలేదు. చదువుకున్నదాన్ని, ఎవరికీ కనపడకుండా దాచుకోవడం తెలుసు. మనుషులంతా ఒక్కటేనన్న పాఠం ముప్పై ఏళ్లు చెప్పాను, పిల్లలు రాసినదాంట్లో తప్పులు దిద్దాను. కానీ ఆయన వస్తే నేనూ రావాలి. పక్కన కూర్చుని, మీ అత్త వడ్డించిన కంచంలో చెయ్యి పెట్టాలి. అది నా చేత కాదు. కాదని పైకి చెప్పే ధైర్యమూ లేదు. అందుకని పూతలు చెప్పాను. ముద్ద దిగదని మీ అత్త సరిగ్గానే అన్నది. మనిషి విషయంలోనే పొరబడింది.

నీ చివరి ఉత్తరం పద్దెనిమిదో తారీఖు, సోమవారం వచ్చింది. ఏం రాసిందని అడిగాడు. కళ్లద్దాలు కనపడటం లేదు, రేపు చదువుతానన్నాను. అద్దాలు నా ముఖానే ఉన్నాయి. ఆయన చూశాడు. ఆ రాత్రంతా నీకు నాలుగో పూత ఏమని చెప్పాలా అని ఆలోచించాను, వార్నిష్ అని తేల్చుకున్నాను. పొద్దున ఆయన పొలం గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. నువ్వు మళ్లీ పిలిచావని ఆయనకు తెలియదు. రావద్దన్నావనే తెలుసు.

హరిలాల్‌కు, మీ అత్తకు ఈ ఉత్తరం చదివి వినిపించు. ఏ వాక్యమూ దాటెయ్యకు. ఇన్నేళ్లూ వాళ్లు మీ నాన్న మీద పెట్టుకున్న బాధకు కారణం ఆయన కాదు, నేను.

నన్ను మాత్రం పిలవకు. పిలిస్తే వస్తాను. ఇప్పుడు తినగలను కూడా. కానీ అది ఆయన తినవలసిన అన్నం.

ఇట్లు,
మీ నాన్న తల్లి
పద్మావతమ్మ