రెండేసి మాత్రలు

ఏమండీ, టెస్ట్‌ట్యూబ్ బేబీ కోసం నా అండాలు తీయడానికి ఆసుపత్రికి పొద్దున్నే రమ్మన్నారు, అక్కతో వెళ్తున్నాను. మీరు బేకరీలో రాత్రి పని ముగించుకుని రాగానే స్నానం చేసి, నేరుగా ల్యాబ్‌కి వచ్చి శాంపిల్ ఇవ్వండి.

వీర్యకణాల బలానికని మీకు రాసిన ఆ యాంటీఆక్సిడెంట్ మాత్రలు మాత్రం ముట్టుకోకండి. సీసా అప్పుడే అడుగంటడం చూసి, మీరు రోజుకి రెండేసి వేసుకుంటున్నారని అర్థమై, నిన్న డాక్టరమ్మని అడిగాను. "రెండేసి మింగితే రెండింతలు మేలు జరగదమ్మా, వికటించొచ్చు కూడా. ఒక్కోటి వేసుకున్నా పనిచేస్తుందని గ్యారంటీ లేదు," అంది. లోపం మీదని నేనెప్పుడైనా అన్నానా? నాతో ఒక్క మాటైనా చెప్పకుండా ఎందుకలా మింగారు? ఈసారీ కడుపు నిలవకపోతే మిమ్మల్ని మీరే తిట్టుకుంటూ ఏమైపోతారోనని నా భయం.

మరిచాను, నాకు మత్తు ఇస్తారట. నేను కళ్లు తెరిచేసరికి మీరు మంచం పక్కనే కూర్చుని, ఏదో ఒకటి వాగుతూ ఉండండి.