నల్ల రబ్బరు చెప్పులు

గుడియాత్తం,
4-5-1996

చిరంజీవి ధనశేఖర్‌కు మీ అమ్మ వరదమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేనూ, నీ చెల్లెలు గాయత్రీ, ఊరి గంగమ్మ తల్లి దయవల్ల బాగుండాము. జోలార్పేటలో నీవు వేళకు తింటా ఉండావని తలుస్తాను. నా అక్షరాలు కోడి కెలికినట్టు ఉంటాయి. నీకు నేర్పింది నేనే గదా, నిదానంగా కూడబలుక్కో.

నీ జాబు అందింది. నీకూ షుగరు ఉండాదని, వేలూరు ఆస్పత్రిలో నల్ల రబ్బరు చెప్పులు ఇచ్చినారని రాసినావు. గంగమ్మ జాతరకు వచ్చేటప్పుడు వాటిని రూములోనే పెట్టి వస్తాను, నీ మనసు కష్టపెట్టను అని రాసినావే, ఆ మాట కాడికి వచ్చేసరికి నాకు కండ్లు కనపడలేదప్పా.

మీ అన్న శక్తివేలు పోయి ఈ జాతరకు రెండేండ్లు. వానికీ ఇవే చెప్పులు ఇచ్చినారు. పాదాలు మొద్దుబారినాయి, ఏం గుచ్చుకున్నా తెలీదు, ఇంట్లో కూడా విడవొద్దని నర్సమ్మ నా ఎదురుగానే చెప్పింది. నేను తలకాయ ఆడించినాను. ఇంటికొచ్చినాక, దేవుని పటాలుండే ఇంట్లో చెప్పులేందిరా అని గడప దాటనీలేదు. డాక్టరు సాయంత్రం నడవమన్నాడంటే, పొద్దంతా గోడలు కట్టేదానికి సారం కట్టెలెక్కి దిగే మేస్త్రికి ఇంకా నడకేంది, పనిలేనోడు అనుకుంటారు అని ఎగతాళి చేసినాను. వాడు నవ్వి, ఆ డాక్టరుకొక కాలు, నీకొక కాలు పంచేస్తానులే అమ్మా అన్నాడు.

గాయత్రిని చూసేదానికి ఆలంగాయం వాళ్ళు వచ్చిన దినం నీవు డ్యూటీలో ఉండావు. కుష్టు వచ్చినోళ్ళకు ఇచ్చే చెప్పులు కూడా అట్లే ఉంటాయి గదా. వాళ్ళు చూస్తే ఏమనుకుంటారోనని, సిమెంటు గోతాం కింద దాపెట్టమన్నాను. వాడు అట్లే దాపెట్టినాడు. వట్టికాళ్ళతోనే పెరట్లో సెంట్రింగు పలకలు పక్కకు జరిపినాడు. మేకు దిగింది. వానికి తెలీలేదు. వచ్చినోళ్ళకు కాఫీ కూడా వాడే అందించినాడు. వాళ్ళు పోయినాక నేల మీద రగతం చూసింది గాయత్రి. అప్పుడైనా నాకు బుద్ధి రాలేదు. పసుపు పెట్టి కట్టి, రెండు దినాల్లో మానుతుందిలే అన్నాను. ఆ సంబంధమూ కుదరలేదు. పుండు కుళ్ళిపోయి, కాలు తీసేసినా నా బిడ్డ దక్కలేదు.

ఆస్పత్రిలో పడుకోనుండి కూడా నన్ను ఒక్క మాట అనలేదు వాడు. అనింటే బాగుండు.

అందుకే చెప్తా ఉండాను నాయనా. జాతరకు ఆ చెప్పులేసుకునే రా. ఎవరన్నా ఏమన్నా అంటే మా అమ్మను అడగండి అని చెప్పు. గడప కాడ విడవబాక.

ఇట్లు,
నీ రాకకు ఎదురు చూసే అమ్మ,
వరదమ్మ

మరిచినాను: పోయిన నెల వేలూరికి పోయింది కోట గుడికని నీకు రాసినాను. అబద్ధం. నాకూ షుగరు ఉండాది. నాకూ అవే చెప్పులు ఇచ్చినారు. బస్సులో ఎవరైనా చూస్తారని సంచి అడుగున కుక్కి తెచ్చి, ఆ గోతాం కిందనే పెట్టినాను. నీ జాబు చదివినాక పోయి తీసినాను. పక్కన మీ అన్నవి ఉండినాయి, ఇంకా కొత్తగానే. ఇప్పుడు నావి వేసుకొని, వంటింట్లో పొయ్యి కాడ కూచోని ఈ జాబు రాస్తా ఉండాను. గోడ మీద దేవుని పటాలు చూస్తానే ఉండాయి. మీ అన్న పటం కూడా.