రాజమణి గది బోర్డు

ఉప్పుగూడ,
17-6-1957

నా బంగారు బిడ్డ రాజమణికి, బాపు మనసు నిండా దీవించి రాసేది.

అక్షరాలు కోడి గెలికినట్లున్నాయని మీ సాయిలు మామను తిట్టుకోకు. ఈసారి ఉత్తరం ఆయన రాయలేదు. నేనే రాస్తున్నాను బిడ్డా, కుడిచేత్తో. పక్షవాతం వచ్చిన పదహారు నెలలకు ఈ చేయి మళ్లీ కలం పట్టింది. మీ అమ్మ ఎదురుగా కూర్చుని, దేవుడి పల్లకి పోతుంటే చూసినట్లు చూస్తోంది.

బొంబాయిలో చదువు పూర్తయిందనీ, మన పట్నం దవాఖానాలోనే నౌకరీ దొరికిందనీ రాశావు. నీ గదికి బోర్డు నన్నే రాయమన్నావు. ఆ కార్డు చదివి చదివి అంచులు నలిగిపోయాయి. పోయిన వారం తలుపు కొలత కోసం దవాఖానాకు పోయాను. అక్కడి గుమాస్తా వామన్‌రావు, "మాలిష్ కమ్రా అని రాయి ఎల్లప్పా, ఖతం. ఇంగ్లీషుల పొడుగు పేరు రాస్తె ఎవ్వడు చదువుతడు?" అన్నాడు.

"మాలిష్ నాకు మూడు నెలలు చేయించిన్రు సాబ్, ఒక్క వేలు లేవలె. ఇప్పుడు టేపు పట్టుకున్న ఈ చెయ్యి చూడున్రి" అన్నాను.

ఆయన నా వేళ్లను చూసి, "అయితె వాళ్లను ఏమంటరు?" అని అడిగాడు.

నాకు నోరు తిరగలేదు. నా బిడ్డ పనికి పేరేమిటో నేనే ఏనాడూ నేర్చుకోలేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. పరాయివాళ్ల కాళ్లూ చేతులూ పట్టుకునే పని అని చెప్పడానికి సిగ్గుపడి, రెండేళ్లుగా ఉస్మాన్‌గంజ్ దుకాణాల్లో అడిగినవాళ్లందరికీ నర్సు అనే చెప్పాను. నిరుడు ఎండాకాలం నన్ను చూడవచ్చినవాళ్లకూ అదే చెప్తుంటే, నువ్వు మన గడప దగ్గర నిలబడి విన్నావు. పక్కన కూర్చుని ముడుచుకున్న నా వేళ్లను ఒక్కొక్కటే విప్పావు. "నర్సును గాను, డాక్టర్‌ను గాను బాపు. మాకు మా పేరుంది" అన్నావు అంతే.

అయినా బుద్ధి రాలేదు చూడు. దవాఖానా నుంచి వచ్చిన సంబరంలో ఎడమచేత్తోనే కుంచె ముంచి, నీ పేరు ముందు డాక్టర్ అని పెద్దగా రాసేశాను. సాయిలు మస్తుగుందన్నాడు. నాకు మాత్రం నువ్వు గడప దగ్గర నిలబడ్డట్టే అనిపించింది. కిరసనాయిలు గుడ్డతో తుడిచేశాను.

తర్వాత నీ పని పేరు రాసి ఉన్న ఆ కార్డే ముందు పెట్టుకుని, కుడిచేత్తో సుద్ద పట్టాను. ఫిజియోథెరపిస్ట్. ఏడు అక్షరాలు. మొదటి రోజు రెండు రాసేసరికి చేయి పడిపోయింది. నువ్వు నేర్పినట్టే పదిసార్లు పిడికిలి ముడిచి విప్పి, మళ్లీ రాశాను. నాలుగో రోజు ఆఖరి ఒత్తు పెట్టాను. చేయి వణకలేదు బిడ్డా. నలభై ఏళ్లు బోర్డులు రాసినవాణ్ణి, ఇంత వింత ఎన్నడూ చూడలేదు. చచ్చిన చేయి లేచి, తనను లేపినవాళ్ల పేరు తానే రాసుకుంది.

నా రివాజు నీకు తెలుసు. సుద్దతో రాసింది యజమాని పైకి చదివాకే రంగు డబ్బా మూత తీస్తాను. డాక్టర్ విషయంలో ఆ రివాజు తప్పాను. ఈసారి తప్పను. బోర్డు గోడకు ఆనించి ఉంది, చెరిగిపోకుండా మీ అమ్మ కాపలా కాస్తోంది.

వచ్చి చదువు. ఆ తర్వాత నేను వామన్‌రావుకు చదివి వినిపిస్తాను.

నీ చేతి పని,
బాపు ఎల్లప్ప